చిత్తూరు దుమ్ములో బయటి ఎయిర్ ఫిల్టర్: లాభం ఎంత, నష్టం ఎక్కడ

బండి ఎయిర్ ఫిల్టర్ మార్చాలి అనగానే ఎవరికైనా ముందు వచ్చే ప్రశ్న ఒకటే, కంపెనీదే వెయ్యాలా, బయటిది వేస్తే ఏమన్నా పికప్ పెరుగుతుందా అని. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ అడిగి చూస్తే బయటికొచ్చే రకాలు ఎన్నో లేవు. కంపెనీ డబ్బాలో వచ్చే అసలు పీస్ ఒకటి, అదే ఆకారంలో తక్కువ రేటుకి దొరికే లోకల్ మాల్ ఇంకొకటి, కడుక్కుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు అని చెప్పి వేలల్లో రేటు చెప్పే కాటన్ ఫిల్టర్ మూడోది. కుర్రాళ్లు ఎక్కువగా అడిగే నాలుగోది కూడా ఉంది, ఫిల్టర్ డబ్బా మొత్తం పీకేసి గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్ మూతికి నేరుగా బిగించే కోన్ ఫిల్టర్. ఈ నాలుగింటినీ "ఎక్కువ గాలి పోతే ఎక్కువ పవర్" అనే ఒకే కొలతతో కొలుస్తుంటారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. మన వైపు మట్టిలో తిరిగే బండికి ఫిల్టర్ గురించి అడగాల్సింది రెండు సంగతులు: ఎంత దుమ్ముని లోపలికి వదులుతుంది, దాని అంచు డబ్బాకి సందు లేకుండా కూర్చుంటుందా లేదా. గాలి సంగతి ఆ తర్వాత.

ఇంజన్ ఎంత గాలి పీలుస్తుందో ఒక లెక్క వేసుకుంటే ఈ మాట ఎందుకో అర్థమవుతుంది. పెట్రోల్ పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి కావాలి. లీటరు పెట్రోల్ బరువు ముప్పావు కిలోకి కాస్త తక్కువ, అంటే దానికి దగ్గర దగ్గర 11 కిలోల గాలి, మన ఎండల్లో ఉండే పల్చని గాలి లెక్కన తొమ్మిది వేల లీటర్లకి పైమాటే. లీటరుకి 50 కిలోమీటర్లు ఇచ్చే బండి 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి 200 లీటర్ల పెట్రోల్ తాగుతుంది, దాంతోపాటు 18 లక్షల లీటర్ల గాలి ఆ అరచేయంత కాగితం గుండా ఇంజన్‌లోకి పోతుంది. తార్రోడ్డు మీద ఒంటరిగా పోయే బండికీ, ఇసుక ట్రాక్టర్ వెనకాల పావుగంట ఇరుక్కుపోయిన బండికీ ఈ గాలి ఒకటి కాదు. కొలతలు ఒకటే, అందులో ఉండే దుమ్ము మాత్రం పదింతలు తేడా ఉండొచ్చు.

ఇక్కడ మన నేల గురించి కూడా చెప్పుకోవాలి. దుమ్ము అంతా ఒకే రకం కాదు, ఇంజన్‌ని కోసేది అందులో ఉండే క్వార్ట్జ్, అంటే సిలికా. తిరుమల ఘాట్ రోడ్డులో జియలాజికల్ సర్వే వాళ్లు జాతీయ భౌగోళిక స్మారకంగా గుర్తించిన చోటు ఒకటుంది, కింద గ్రానైట్ రకం పాత రాయి, దాని మీద క్వార్ట్జైట్ పొరలు, రెండిటి మధ్యా కోట్ల ఏళ్ల తేడా. తిరుమల మీద శిలాతోరణం కూడా క్వార్ట్జైటే. అంటే శేషాచలం పైరాయి దాదాపు క్వార్ట్జే, కింది గ్రానైట్‌లో కూడా క్వార్ట్జ్ బాగా ఉంటుంది, ఆ రాళ్లు అరిగి అరిగి వచ్చిన ఎర్రమట్టిలో, స్వర్ణముఖి ఇసుకలో, కుప్పం వైపు గ్రానైట్ క్వారీల దుమ్ములో ఉండేది కూడా అదే. గట్టిదనం కొలిచే మోస్ స్కేల్ మీద క్వార్ట్జ్ 7 దగ్గర ఉంటుంది, సిలిండర్ బోర్‌లో వాడే పోత ఇనుము దానికంటే మెత్తన, పిస్టన్ అల్యూమినియం అయితే ఇంకా మెత్తన. పలమనేరు, బంగారుపాళ్యం వైపు ఎక్స్‌ప్రెస్‌వే పనులు జరిగిన రోజుల్లో ఆ చుట్టుపక్కల రోజూ తిరిగిన బండ్లు పీల్చింది ఈ దుమ్మునే. మామిడికాయల సీజన్‌లో తోటల్లోంచి మట్టిబాటల మీద లోడు ట్రాక్టర్ల వెంట పోయే ఎక్సెల్ బండ్లూ, స్ప్లెండర్లూ పీల్చేదీ ఇదే.

కంటికి కనపడే ఇసుక రేణువు వల్ల పెద్ద భయం లేదు, ఎంత నాసిరకం ఫిల్టర్ అయినా దాన్ని ఆపేస్తుంది. అసలు పని చెడగొట్టేది కంటికి ఆనని సైజు, అయిదు నుంచి ఇరవై మైక్రాన్ల దాకా ఉండే పొడి, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. పిస్టన్ రింగుకీ బోర్ గోడకీ మధ్య ఉండే ఆయిల్ పొర మందం కూడా కొన్ని మైక్రాన్లే కాబట్టి, ఆ సైజు రేణువు సరిగ్గా ఆ సందులో దూరి రెండు వైపులా గీకుతుంది. ఒకసారి ఆయిల్‌లో కలిసిందంటే ఒక చోట ఆగదు, బేరింగులకీ క్యామ్‌కీ కూడా తిరుగుతుంది. బోర్ గోడ మీద ఆయిల్ నిలవడానికి ఫ్యాక్టరీలో గీసే అడ్డదిడ్డం గీతలు నున్నగా అరిగిపోతాయి, ఇన్‌టేక్ వాల్వ్ సీటు అరుగుతుంది, కంప్రెషన్ తగ్గుతుంది, చివరికి సైలెన్సర్‌లోంచి నీలం పొగ మొదలవుతుంది. మెకానిక్ చూసి "రింగులు పోయినాయి, హాఫ్ ఇంజన్ పని చెయ్యాల" అంటాడు. ఇది ఒక్కరోజులో జరిగేది కాదు కాబట్టి పాపం ఫిల్టర్ పేరు ఎవరికీ గుర్తుకు రాదు, ఆయిల్ బాగాలేదు అనో బండి పాతబడింది అనో అనుకుని ఊరుకుంటారు.

ఫిల్టర్ పనిచేసే తీరు మీద చాలామందికి ఉండే అపోహ ఏందంటే అది పిండి జల్లెడలాగా రంధ్రం కంటే పెద్దదాన్ని ఆపి చిన్నదాన్ని వదిలేస్తుందని. పెద్ద రేణువుల వరకు అది కొంత నిజమే. చిన్నవి మాత్రం గాలితో పాటు మెలికలు తిరగలేక పీచుకి గుద్దుకుని అతుక్కుపోతాయి, మరీ చిన్నవి అటూ ఇటూ ఊగుతూ పోయి తగులుకుంటాయి. అందుకే కాగితం ఫిల్టర్ మీద పల్చగా దుమ్ము పట్టిన తర్వాత అది ఇంకా బాగా వడకడుతుంది, పట్టిన దుమ్ము కూడా వడపోతలో భాగం అయిపోతుంది కాబట్టి. కొత్త ఫిల్టర్ వేసిన మొదటి కొన్ని వందల కిలోమీటర్లే దాని పనితనం అన్నిటికంటే తక్కువ. దీనర్థం ఏంటంటే ప్రతి వాటర్ వాష్‌కీ ఫిల్టర్ బయటికి తీసి కంప్రెసర్ గాలి కొట్టించే అలవాటు ఫిల్టర్‌కి మేలు చేసేది కాదు. "అన్నా, గాలి కొడితే సరిపోతాది లే, కొత్తది ఎందుకు" అనే మాట ఏ షెడ్డులో అయినా వినిపిస్తుంది, చెప్పేవాడు డబ్బు మిగల్చాలనే చెప్తాడు, కానీ ఆ ప్రెషర్‌కి కాగితం పీచు విడిపోతుంది, మడతల దగ్గర చీలికలు వస్తాయి, అవి కంటికి కనపడవు. పైగా ఇప్పటి చాలా కమ్యూటర్ బండ్లలో ఉండేది జిడ్డు పట్టించిన కాగితం ఫిల్టర్, దానికి గాలి కొట్టడం గానీ కడగడం గానీ చెయ్యకూడదని, నేరుగా మార్చేయమని మాన్యువల్‌లోనే రాసుంటుంది. కమ్యూటర్ బండికి ఆ పీస్ రెండు మూడు వందల్లో వచ్చేస్తుంది, దానికోసం కాగితాన్ని హింసించడం అనవసరం.

ఇప్పుడు శాతాల దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఫిల్టర్ అమ్మేవాళ్లు ఎక్కువగా మాయ చేసేది ఇక్కడే. ఎయిర్ ఫిల్టర్లని పరీక్షించడానికి ఐఎస్ఓ 5011 అనే పద్ధతి ఉంది. కొలతపెట్టిన పరీక్ష దుమ్ముని గాలితో పాటు ఫిల్టర్ మీదికి పంపి మూడు సంగతులు చూస్తారు: గాలికి ఎంత అడ్డం పడుతోంది, దుమ్ము ఎంత శాతం ఆపింది, నిండేలోపు ఎంత దుమ్ము పట్టుకుంది. మంచి కాగితం ఫిల్టర్ 99 శాతం పైన ఆపుతుంది. నూనె రాసిన కాటన్ ఫిల్టర్ల కంపెనీలు చెప్పుకునే అంకె మామూలుగా 96 నుంచి 99 దాకా ఉంటుంది. చదివేవాళ్లకి 99కీ 97కీ తేడా రెండే కదా అనిపిస్తుంది. చూడాల్సింది ఆగినదాన్ని కాదు, దాటినదాన్ని. ఫిల్టర్ దాకా 10 గ్రాముల దుమ్ము వచ్చిందనుకుందాం. 99 శాతం ఆపేది 100 మిల్లీగ్రాములు లోపలికి వదులుతుంది, 97 శాతం ఆపేది 300 మిల్లీగ్రాములు వదులుతుంది. అంటే ఇంజన్ తినే దుమ్ము మూడింతలు. నున్నటి హైవే మీద నెలకోసారి తిరిగే బండికి ఇది పెద్ద తేడా కాకపోవచ్చు, అక్కడ మూడింతలైనా చిన్న అంకే. పాకాల నుంచి పల్లెబాట మీద రోజూ పాలక్యాన్లతో తిరిగే బండికి అదే మూడింతలు ఇంజన్ ఆయుష్షులో కనపడుతుంది.

కాటన్ ఫిల్టర్ మీద కోపం పెట్టుకోవాల్సిన పనైతే లేదు. 1969లో కాలిఫోర్నియా రివర్‌సైడ్‌లో కే అండ్ ఎన్ అనే ఫిల్టర్ కంపెనీ మొదలైనప్పటి నుంచి రేసింగ్ వాళ్లు దాన్ని వాడుతున్నారు, ఇటలీ బీఎంసీ, గ్రీసు డీఎన్ఏ కూడా ఇదే దారి. పల్చని కాటన్ గుడ్డ పొరల్ని జాలీల మధ్య పెట్టి, మడతలు పెట్టి, జిడ్డు నూనె పట్టిస్తారు, దుమ్ము ఆ జిడ్డుకి అతుక్కుంటుంది. రేసులో ఇంజన్‌ని ఎలాగూ తరచూ విప్పుతారు, అక్కడ అర గుర్రం బలం ఎక్కువొచ్చినా లెక్కలోకి వస్తుంది. మన బండి పరిస్థితి అది కాదు, లక్ష కిలోమీటర్లు ఇంజన్ విప్పకుండా నడవాలి అనేది మన కోరిక. ఒకే వస్తువు ఒకచోట సరైనదై ఇంకోచోట కాకుండా పోవడంలో వింతేమీ లేదు.

మరి ఆ పవర్ ఎంత పెరుగుతుంది? దీన్ని చిన్న లెక్కతో చూడొచ్చు. ఫిల్టర్ వల్ల గాలికి పడే అడ్డాన్ని అంగుళాల నీటి మట్టంలో కొలుస్తారు. వాతావరణ పీడనం మొత్తం దాదాపు 407 అంగుళాల నీటికి సమానం. శుభ్రంగా ఉన్న ఫిల్టర్ ఫుల్ రేస్‌లో నాలుగు అంగుళాలు అడ్డం పడుతుందనుకుంటే, దాన్ని పూర్తిగా పీకి అవతల పారేసినా పెరిగే గాలి ఒక శాతం. 20 గుర్రాల బండికి 0.2 గుర్రం. కాటన్ ఫిల్టర్ అడ్డం పూర్తిగా తీసెయ్యదు, కొంత తగ్గిస్తుంది, అంటే వచ్చేది అందులో సగమో పావో. అదీ ఫుల్ థ్రాటిల్ మీద, అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి గాలి తలుపు మొత్తం తెరిచినప్పుడు మాత్రమే. మామూలుగా లీలామహల్ సర్కిల్ నుంచి ఆర్టీసీ బస్టాండ్ దాకా ట్రాఫిక్‌లో పోయేటప్పుడు థ్రాటిల్ ఎప్పుడూ పావు వంతుకి మించి తెరుచుకోదు, అప్పుడు గాలికి అసలు అడ్డం థ్రాటిల్ తలుపే, దాని ముందు ఫిల్టర్ అడ్డం ఎంత తగ్గినా ఇంజన్‌కి తెలియదు.

పోల్చి చూడాలంటే మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. అలిపిరి దగ్గర బయలుదేరి తిరుమల చేరేసరికి ఎత్తు పెరిగి గాలి సాంద్రత ఆరేడు శాతం తగ్గుతుంది, చల్లదనం వల్ల కలిసొచ్చేది కలుపుకున్నా సరే. ఇద్దరు ఎక్కిన 100 సీసీ బండి పైమలుపుల్లో సెకండ్ గేర్‌కి రావడానికి వాలుతో పాటు అది కూడా ఒక కారణం. ఆ ఆరేడు శాతం నష్టం ముందర ఏ ఫిల్టర్ ఇచ్చే అర శాతమో శాతమో ఎక్కడ నిలబడుతుంది? ఘాట్‌లో పికప్ కావాలంటే చైన్ సెట్టింగ్, టైర్లలో గాలి, క్లచ్ ప్లేట్లు, వాల్వ్ సెట్టింగ్ చూపించుకోవడం వల్ల వచ్చే లాభం దీనికంటే ఎక్కువ, ఖర్చు కూడా తక్కువ.

మైలేజీ మాట కూడా ఇట్లాంటిదే. కొత్త ఫిల్టర్ వేశాక బండి లైట్‌గా పోతోంది, మైలేజీ పెరిగింది అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కాకపోతే వాళ్లు పోల్చింది ఏడాదిగా మూసుకుపోయిన పాత ఫిల్టర్‌తో. అదే రోజు కొత్త కంపెనీ పీస్ వేసుంటే కూడా అదే మాట చెప్పేవాళ్లు. అమెరికాలో ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో కార్ల మీద దీన్ని పరీక్షించింది. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ బాగా మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదు, కంప్యూటర్ గాలికి తగ్గట్టు పెట్రోల్ తగ్గించుకుంది కాబట్టి, పికప్ మాత్రం కొత్త ఫిల్టర్‌తో 6 నుంచి 11 శాతం మెరుగైంది. పాత కార్బ్యురేటర్ కారులో మాత్రం మైలేజీ కూడా 2 నుంచి 6 శాతం బాగుపడింది. బైకులకి ఆ అంకెలే వర్తిస్తాయని చెప్పలేం గానీ కారణం మాత్రం ఒకటే, అందుకే పాత కార్బ్యురేటర్ స్ప్లెండర్‌కి ఫిల్టర్ మార్చగానే మైలేజీ తేడా తెలుస్తుంది, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉండే బీఎస్6 బండికి పెద్దగా తెలియదు.

ఇప్పటిదాకా ఖరీదైన ఫిల్టర్ గురించి మాట్లాడుకున్నాం గానీ మన ఊళ్లలో నిజంగా ఎక్కువ ఇంజన్లని తినేది ఇంకొకటి, అదే ఆకారంలో సగం రేటుకి దొరికే లోకల్ మాల్. ఇందులో కూడా రెండు రకాలు ఉన్నాయి, కలిపేయకూడదు. తన పేరు తనే వేసుకుని, ఏ మోడల్‌కి సరిపోతుందో ముద్రించి అమ్మే బయటి కంపెనీల ఫిల్టర్లు కొన్ని చాలా బాగుంటాయి. బండి కంపెనీ పేరూ డబ్బా కాపీ కొట్టి అమ్మేది వేరు, అది మోసం. ఈ రెండోదాంట్లో కాగితం పల్చగా ఉంటుంది, మడతలు తక్కువగా ఉంటాయి, అయినా దాని అసలు లోపం కాగితంలో కాదు, చుట్టూ ఉండే అంచులో ఉంటుంది.

ఈ అంచు సంగతి మీద కొంచెం ఆగాలి. ఫిల్టర్ గుండా పోవడానికి గాలి కాస్త కష్టపడాలి, పక్కన సందు దొరికితే కష్టపడకుండా అందులోంచి పోతుంది. 99 శాతం ఆపే మంచి కాగితమే ఉందనుకుందాం, అంటే దుమ్ములో ఒక శాతం దాటుతోంది. అంచు సరిగ్గా కూర్చోక గాలిలో ఒక్క శాతం సందులోంచి పోయినా, ఆ ఒక శాతం గాలి తన దుమ్ము మొత్తాన్ని వెంటబెట్టుకుని పోతుంది, లోపలికి పోయే దుమ్ము రెండింతలైపోతుంది. అయిదు శాతం గాలి తప్పించుకుంటే ఆరింతలు. అప్పుడు కాగితం ఎంత గొప్పదైనా ఏం లాభం? ఖరీదైన కాటన్ ఫిల్టర్ వేసినా ఇదే లెక్క, రబ్బర్ గట్టిగా ఉండి డబ్బా గాడిలో సగం ఎక్కి సగం ఎక్కకుండా ఉంటే నాలుగు వేలు పెట్టి ఇంజన్‌కి ఇసుక తినిపించినట్టే అవుతుంది.

షాపులో పట్టుకుని చూసేటప్పుడు ఏం చూడాలంటే, పాత పీస్ చేతిలో ఉంచుకోవాలి. అంచు మందం రెండిటికీ ఒకటేనా, రబ్బర్ గానీ ఫోమ్ గానీ వేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ లేస్తుందా, కాగితాన్ని ఫ్రేముకి అంటించిన గమ్ము చుట్టూ తెగకుండా ఉందా, మడతలు సమానంగా ఉన్నాయా లేక ఒకచోట కుదించుకుపోయి ఇంకోచోట విచ్చుకున్నాయా, ఫ్రేము మెలి తిరిగి ఉందా. బల్ల మీద బోర్లా పెడితే నాలుగు మూలలూ ఆనాలి. పార్ట్ నంబర్ మాన్యువల్‌లో ఉన్నదానితో సరిపోవాలి, డబ్బా మీద ఎమ్మార్పీ, తయారీ నెల, స్కాన్ చేసే కోడ్ ఉంటే అది పనిచేస్తుందో లేదో అక్కడే ఫోన్‌తో చూసుకోవాలి. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీ, ఫిల్టర్ రేటు చిన్నదే, బోర్ పని బిల్లు చిన్నది కాదు.

కోన్ ఫిల్టర్ గురించి చెప్పాలంటే మన వాతావరణానికి ఇంతకంటే సరిపడనిది లేదు. సీటు కింద ఉండే ఆ ప్లాస్టిక్ డబ్బాని చాలామంది దండగ బరువు అనుకుంటారు, డిజైన్ చేసినవాళ్లు మాత్రం దాని లోపలి కొలత, గాలి తీసుకునే ముక్కు పొడవు లెక్కపెట్టి చేస్తారు. వాల్వ్ తెరుచుకుని మూసుకునే ప్రతిసారీ గాలిలో పుట్టే అలలు ఆ డబ్బాలో కొట్టుకుని తిరిగొచ్చి ఒక ఆర్‌పీఎం దగ్గర ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని తోస్తాయి, మధ్య రేంజ్‌లో దొరికే లాగుడుకి అదీ ఒక కారణం. డబ్బా పీకితే ఆ లాగుడు పోతుంది, బుస్సుమనే శబ్దం మాత్రం పెరుగుతుంది, ఆ శబ్దం వినగానే బండి స్పీడ్ పెరిగిందని అనిపిస్తుంది. దానికి తోడు కోన్ ఉండేది ఇంజన్ వెనకాల వేడిలో. మే నెలలో తిరుపతిలో బయట 42 డిగ్రీలు ఉంటే ఇంజన్ పక్కన గాలి 60 దాకా పోవచ్చు, గాలి ప్రతి మూడు డిగ్రీల వేడికీ దాదాపు ఒక శాతం పల్చబడుతుంది, అంటే ఫిల్టర్ ఇచ్చిన ఒక్క శాతాన్ని వేడి అయిదారు శాతం చేసి లాగేసుకుంటుంది. ఇక నవంబర్, డిసెంబర్ వానల్లో వేరే ప్రమాదం. 2021 నవంబర్‌లో తిరుపతి రోడ్లు ఎట్లా మునిగాయో చూసినవాళ్లెవరూ మర్చిపోరు. డబ్బా ఉన్న బండికి గాలి పీల్చే ముక్కు సీటు కింద పైన ఉంటుంది, కోన్ పెట్టిన బండికి చక్రాలు చిమ్మిన నీళ్లు దాని మీదే పడతాయి. సిలిండర్‌లోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది, అప్పుడు హాఫ్ ఇంజన్‌తో కూడా పని అయిపోదు.

కార్బ్యురేటర్ బండ్లకి ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఇప్పుడు రెండింతలు చేసింది పెట్రోలే. గాలి సులువుగా పోయే ఫిల్టర్ వేస్తే, ముఖ్యంగా డబ్బా తీసేస్తే, కార్బ్యురేటర్ గొంతులో లాగుడు తగ్గి పెట్రోల్ తక్కువ వస్తుంది, మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. 2025 నాటికి బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి కావాల్సిన గాలి తక్కువ, కలిపిన పెట్రోల్‌కి 14.7 బదులు 13.5 దగ్గర చాలు. పాత పెట్రోల్‌కి తగ్గట్టు జెట్, అంటే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వదిలే సన్నటి రంధ్రం, పెట్టిన బండి ఏమీ మార్చకుండానే ఏడెనిమిది శాతం లీన్‌గా నడుస్తోందన్నమాట. దాని మీద ఫ్రీ ఫ్లో ఫిల్టర్ కూడా వేస్తే హెడ్ విపరీతంగా వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని కొడుతుంది, ప్లగ్ తీసి చూస్తే తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటుంది. అప్పుడు మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలి, నీడిల్ క్లిప్ ఒక గాడి మార్చాలి, ఆ పని తెలిసి ఓపికగా ప్లగ్ రంగు చూసి సెట్ చేసే మెకానిక్ ఉంటేనే ఈ జోలికి పోవాలి. సీవీ అనే రకం కార్బ్యురేటర్ ఉన్న పల్సర్ల లాంటి బండ్లు ఇంకా సున్నితం, వాటిలో గాలి దారిని తెరిచే స్లైడ్ పైకి లేవడమే గాలి పీడనాల తేడా మీద ఆధారపడి ఉంటుంది, డబ్బా తీస్తే మధ్యలో తటపటాయిస్తాయి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లకి ఈ బాధ తక్కువ. డబ్బా కదపకుండా లోపలి ఫిల్టర్ ఒక్కటే మార్చితే వచ్చే కొద్దిపాటి తేడాని ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని ఈసీయూ, అంటే బండి కంప్యూటర్, సర్దేస్తుంది. కాటన్ ఫిల్టర్ నూనె సెన్సర్‌ని పాడుచేస్తుంది అనే మాట కార్ల నుంచి వచ్చింది, అక్కడ గాలి కొలిచే వేడి తీగ సెన్సర్ దారిలోనే ఉంటుంది, మన మామూలు బైకుల్లో ఎక్కువగా ఉండేది పీడనం కొలిచే సెన్సర్ కాబట్టి ఆ భయం అంతగా అక్కర్లేదు. అట్లాగని నూనె పొయ్యమని కాదు, ఎక్కువైన నూనె థ్రాటిల్ బాడీలో చేరి జిగురు పడుతుంది. వారంటీలో ఉన్న బండి అయితే బయటి పార్ట్ చూపించి క్లెయిమ్ కొట్టేసే అవకాశం ఉంటుంది, ఆ కాలం అయ్యేదాకా కంపెనీ పీసే ఉంచడం మంచిది.

ఇంత చెప్పినా కాటన్ ఫిల్టర్ వేసుకోవాలనుకునేవాళ్లు ఉంటారు, హైవే మీదే ఎక్కువ తిరిగే 350, 400 సీసీ బండ్లకి అది తప్పేమీ కాదు, డబ్బాలో కూర్చునే రకమే తీసుకుంటే చాలు. కాకపోతే "జన్మకోసారి కొంటే చాలు" అనే మాట నమ్మి వేసి మర్చిపోతే మాత్రం మామూలు కాగితం కంటే అన్యాయంగా తయారవుతుంది. దాని క్లీనర్‌తో కడగాలి, లోపలి వైపు నుంచి బయటికి సన్నటి ధారతో నీళ్లు పట్టాలి, ప్రెషర్ గన్ పెట్టకూడదు. ఆ తర్వాత గాలికి దానంతట అది ఆరాలి, కంప్రెసర్‌తో గానీ వేడితో గానీ ఆరబెట్టకూడదు, వానాకాలంలో దీనికి ఒక రోజు కూడా పడుతుంది, ఆ రోజు బండి కదలకూడదు. ఆరిన తర్వాత దాని నూనె మడత మడతకీ సన్నగా పట్టించి, రంగు అంతా సమానంగా పాకేదాకా ఆగాలి. తెల్ల మచ్చ మిగిలిందంటే అక్కడ వడపోత లేనట్టే. నూనె అయిపోయిందని ఇంజన్ ఆయిల్ రాసేవాళ్లు కొందరు ఉన్నారు, అది పల్చగా కారిపోయి కిందికి దిగుతుంది, దుమ్ముని పట్టుకోదు. ఫోమ్ ఫిల్టర్ ఉన్న బండ్లకి కూడా ఇదే వరస, కడిగి, పిండి, మెలితిప్పకుండా ఆరబెట్టి, ఫోమ్ ఆయిల్ పట్టించాలి, పెట్రోల్‌తో కడిగితే అంటించిన గమ్ము విడిపోతుంది, నిప్పు భయం కూడా ఉంది.

మార్చే గడువు విషయంలో మాన్యువల్‌లో ఉన్న కిలోమీటర్లు మామూలు రోడ్ల లెక్క, దుమ్ములో తిరిగితే ముందే మార్చమని అదే పేజీలో రాసుంటుంది. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి రోడ్డు మీద లారీల మధ్య రోజూ డ్యూటీకి పోయేవాళ్లూ, తోటలకీ క్వారీలకీ తిరిగేవాళ్లూ ఆ లెక్కని సగానికి తెచ్చుకుంటే సరిపోతుంది. తిరుపతి ఊళ్లోనే ఆఫీసుకీ ఇంటికీ తిరిగే బండికి మాన్యువల్ గడువే చాలు.

ఏ ఫిల్టర్ వేసినా అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. వేసేటప్పుడు డబ్బా లోపల తడిగుడ్డతో తుడిచి, గాడిలో పాత ఫోమ్ ముక్కలు మిగలకుండా తీసి, అంచు చుట్టూ సన్నగా గ్రీజు రాసి కూర్చోబెట్టాలి, మూత స్క్రూలు ఒక్కటి కూడా తగ్గకూడదు, చాలా బండ్లలో ఒకటో రెండో ఎప్పుడో మాయమైపోయి ఉంటాయి. ఒక వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఫిల్టర్ తీసి, దాని అవతలి వైపు, అంటే థ్రాటిల్ వైపు ఉండే రబ్బర్ గొట్టం లోపల తెల్లగుడ్డ చుట్టిన వేలు తిప్పి చూడాలి. గుడ్డ మీద కాస్త నల్లటి జిడ్డు ఉంటే అది ఇంజన్ బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి, భయం లేదు. ఎర్రటి పొడి గానీ వేళ్ల మధ్య గరగరలాడే ఇసుక గానీ తగిలిందంటే ఆ ఫిల్టర్ ఎంత పేరున్నదైనా దాన్ని అక్కడే ఆపేయాలి. గ్రీజు రాసిన అంచు చుట్టూ చూస్తే ఒకచోట దుమ్ము గీతలాగా అవతలికి దాటి ఉంటుంది, సందు సరిగ్గా అక్కడే ఉంది. అట్లాంటప్పుడు ఫిల్టర్ మార్చేముందు డబ్బా మూత వంగిందేమో, గాడి పగిలిందేమో కూడా చూడాలి, ఎందుకంటే కింద పడిన బండ్లలో డబ్బా చెవులు విరిగి ఉంటే కొత్త కంపెనీ పీస్ వేసినా అదే చోట మళ్లీ దుమ్ము దాటుతుంది.